మెకంజీ ఇంటిపేరు: పుట్టుక, వలస, మన కైఫీయత్తులు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరి చరిత్రల మీద కాస్త ఆసక్తి ఉన్న తెలుగువాళ్లకు మెకంజీ అనగానే కైఫీయత్తులు, అంటే మెకంజీ అనే దొర పోగుచేయించిన ఊళ్ల చరిత్రలు, గుర్తొస్తాయి. అందుకే చాలామంది అది ఆ దొర సొంత పేరేమో అనుకుంటారు. నిజానికి అది స్కాట్లండ్ ఉత్తరాన, కొండలూ సముద్రమూ కలిసే చోట పుట్టిన ఒక పెద్ద క్లాన్, అంటే ఒక పెద్ద కింద ఉండే వంశ సమూహం, పేరు. ఆ పేరు కెనడాలో నదికీ, న్యూజిలాండ్‌లో ఒక మైదానానికీ ఎక్కింది. జమైకా, గయానాల్లో స్కాట్లండ్ ముఖం చూడని కుటుంబాలకూ అంటుకుంది. దీని గురించి మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

మెకంజీ అంటే అర్థం ఏమిటి?

స్కాట్లండ్ ఉత్తరాది వాళ్ల పాత భాష గేలిక్‌లో ఈ పేరు "మాక్ కొన్యిఖ్". మాక్ అంటే కొడుకు. కొన్యఖ్ అనేది మగవాళ్లకు పెట్టే పేరు, అందగాడు అనే అర్థం చెబుతారు. మొత్తం కలిపితే కొన్యఖ్ కొడుకు. ఇంగ్లీషులో కొన్యఖ్‌కు బదులు కెన్నెత్ అని రాయడం అలవాటైంది. ఆడపిల్ల అయితే గేలిక్‌లో మాక్ అనరు, "నిక్" అంటారు, అంటే ఫలానావారి కూతురు. ఇంగ్లీషు కాగితాల్లోకి వచ్చేసరికి ఈ తేడా పోయి, ఆడామగా అందరూ మెకంజీలే అయ్యారు.

అయితే వీళ్లు కెన్నెత్ మెకాల్పిన్ రాజు వారసులా?

కాదు. తొమ్మిదో శతాబ్దపు ఆ రాజు గేలిక్ పేరు కినేద్. అది వేరే పేరు, ఇది వేరే పేరు. ఇంగ్లీషులో రాసేవాళ్లు రెండింటినీ కెన్నెత్ అనేశారు, అక్కడొచ్చింది చిక్కు. బహుమతి దుకాణాల్లో అమ్మే వంశచరిత్ర కార్డుల్లో ఈ పొరపాటు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఆ "జీ" శబ్దం ఎలా వచ్చింది?

ఇది అచ్చు యంత్రం చేసిన పని. పాత స్కాట్స్ రాతలో "యొఖ్" అనే అక్షరం ఒకటి ఉండేది. రాతలో అది 3 అంకెలా ఉంటుంది, పలకడం మాత్రం "య" కి దగ్గరగా. అచ్చు వేసేవాళ్ల దగ్గర ఆ అక్షరం పోత లేక, చూడటానికి దగ్గరగా ఉన్న ఇంగ్లీషు "జెడ్" పెట్టేశారు. చదివేవాళ్లు కళ్లకు కనిపించినట్టే పలకడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఈ పేరు "మెకెన్యీ", "మెకింగీ" లాగా పలికేది. 17వ శతాబ్దంలో ఎడిన్‌బరోలో పేరుమోసిన లాయరు సర్ జార్జ్ మెకంజీని ఆ కాలం వాళ్లు మెకింగీ అనే పిలిచారు.

ఇదే తిప్పలు పడ్డ పేర్లు ఇంకా ఉన్నాయి. రాతలో మెంజీస్ అని ఉన్న ఇంటిపేరును స్కాట్లండ్‌లో ఇప్పటికీ "మింగిస్" అనేవాళ్లున్నారు. డాల్జీల్ అని రాసి "డీయెల్" అని పలుకుతారు. వాళ్లు పాత పలుకును కాపాడుకున్నారు, మెకంజీలు అచ్చక్షరానికి లొంగిపోయారు. మన దగ్గర మెకంజీ, మెకెంజీ, మెకంజి అని రకరకాలుగా రాస్తారు. ఏది రాసినా పట్టింపు లేదు.

ఇంగ్లీషులో కొందరు "మాక్" అనీ కొందరు "మెక్" అనీ రాస్తారు. ఒకటి స్కాటిష్, ఒకటి ఐరిష్ అంటారు కదా?

అది వట్టి మాట. రెండోది మొదటిదానికి పొట్టి రూపం, అంతే. గుమస్తా రాత అలవాటును బట్టి ఒకే మనిషి పేరు పెళ్లి రిజిస్టరులో ఒకలా, సమాధి రాయి మీద ఇంకోలా ఉంటుంది. స్పెల్లింగు చూసి ఇది మా శాఖ, అది వాళ్ల శాఖ అని తేల్చేసేవాళ్లను నమ్మకండి.

వీళ్ల అసలు ఊరు ఏది?

స్కాట్లండ్ వాయవ్య తీరాన కింటేల్ అనే ప్రాంతం. మూడు సముద్రపు పాయలు కలిసే చోట ఒక చిన్న దీవి, దాని మీద ఐలన్ డోనన్ కోట. క్యాలెండర్ల మీద, బిస్కెట్ డబ్బాల మీద కనిపించే స్కాట్లండ్ కోట చాలాసార్లు ఇదే. అక్కడి నుంచి మెకంజీలు తూర్పుకు జరుగుతూ రాస్ అనే పెద్ద మండలం నిండా పరుచుకున్నారు. గేర్‌లాఖ్, కూల్, రెడ్‌కాసిల్, క్రోమార్టీ ఇలా ఊరూరా ఒక శాఖ.

కోటను కాపలా కాసింది మాత్రం ఎక్కువగా మెక్రే అనే ఇంటిపేరు వాళ్లు. వాళ్లకు "మెకంజీల ఇనుప చొక్కా" అని పేరు. ఇప్పుడు చూస్తున్న కోట పాతది కాదు. పాతది 1719లో కూలిపోయింది. 1912 నుంచి 1932 దాకా దాన్ని మళ్లీ కట్టించింది కూడా మెక్రే వంశస్థుడే.

మూలపురుషుడు ఐర్లండ్ నుంచి వచ్చిన ఫిట్జెరాల్డ్ అని చదివాను. నిజమేనా?

కథ బాగుంటుంది. కోలిన్ ఫిట్జెరాల్డ్ అనే ఐరిష్ వీరుడు 1263లో లార్గ్స్ యుద్ధంలో నార్వే వాళ్ల మీద పోరాడాడట. మూడో అలెగ్జాండర్ రాజు వేటలో ఉండగా మీదికి దూకిన దుప్పిని చంపి రాజును కాపాడాడట. రాజు మెచ్చి కింటేల్‌ను రాసిచ్చాడట. క్లాన్ చిహ్నంలో దుప్పి కొమ్ములు అందుకే ఉన్నాయంటారు. 1786లో బెంజమిన్ వెస్ట్ ఈ సన్నివేశాన్ని ఒక పెద్ద గోడంత బొమ్మగా వేశాడు. డబ్బిచ్చి వేయించింది అప్పటి మెకంజీ పెద్ద. ఆ బొమ్మ ఇప్పుడు ఎడిన్‌బరోలోని జాతీయ చిత్రశాలలో ఉంది.

చిక్కేమిటంటే, రాజు ఇచ్చాడని చూపించే దానపత్రం తర్వాతి కాలంలో పుట్టించిందని చరిత్రకారులు తేల్చారు. 1467 నాటి ఒక గేలిక్ రాతప్రతిలో వంశావళులు ఉన్నాయి. అందులో మెకంజీలనూ, పక్కనే ఉన్న మాథెసన్లనూ "ఎయిర్డ్‌కు చెందిన గిలియోయిన్" అనే స్థానిక గేలిక్ పెద్ద సంతతిగా చెప్పారు. అంటే వీళ్లు ఆ నేల మనుషులే. ఎర్ల్ బిరుదు దక్కాక, ఐర్లండ్‌లో పేరున్న నార్మన్ వంశంతో చుట్టరికం కలుపుకోవడం గొప్ప అనిపించి ఉంటుంది. డబ్బూ అధికారమూ వచ్చాక వంశవృక్షానికి కొత్త వేళ్లు మొలవడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

మెకంజీలందరూ ఒకే రక్తమా? వాళ్లలో వాళ్లు పెళ్లి చేసుకుంటారా?

మన లెక్కలో ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అంటే అన్నాచెల్లెళ్ల వరస. అదే లెక్క అక్కడ వేస్తే దెబ్బతింటాం. మెకంజీ పిల్లను మెకంజీ పిల్లవాడు చేసుకోవడం అక్కడ మామూలు. రికార్డుల్లో అమ్మ పుట్టింటి పేరూ మెకంజీయే, నాన్న పేరూ మెకంజీయే అని చూసి, ఎక్కడో తప్పు రాశారని కంగారు పడొద్దు.

ఇక ఒకే రక్తం సంగతి. హైలాండ్స్‌లో, అంటే స్కాట్లండ్ ఉత్తరాది కొండసీమలో, సామాన్యులకు 18వ శతాబ్దం దాకా స్థిరమైన ఇంటిపేరు అనేదే అంతగా లేదు. రోజువారీ పిలుపులో తండ్రి పేరు, తాత పేరు కలిపి చెప్పుకునేవారు. కౌలు కాగితం మీదో, చర్చి రిజిస్టరులోనో, పటాలంలోనో పేరు రాయించుకోవాల్సి వచ్చినప్పుడు చాలామంది తాము ఎవరి భూమిలో ఉన్నారో ఆ పెద్ద పేరు చెప్పారు. కొందరు రక్షణ కోసం, కొందరు కౌలు దక్కుతుందని, కొందరు గుమస్తా ఎలా రాస్తే అలా మెకంజీలయ్యారు. పెద్ద కుటుంబపు చిన్న కొడుకుల సంతానం కొంత ఉంది, కాదనను. కానీ మెకంజీ అనే పేరు మొదట చెప్పేది నెత్తురు గురించి కాదు, భూమి ఎవరి చేతిలో ఉందో దాని గురించి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కింది జవాబులన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

స్కాట్లండ్ వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో ఇప్పటికీ దీని ఆనవాలు ఉంది. అక్కడ మెకంజీలు, మెక్లౌడ్‌లు, మెక్‌డొనాల్డ్‌లు ఎంతమంది ఉన్నారంటే, ఇంటిపేరుతో ఎవరినీ గుర్తుపట్టలేరు. అందుకని మారుపేర్లు, తండ్రి తాతల పేర్ల వరస వాడతారు. కొత్తవాడు కనిపిస్తే ముసలివాళ్లు "కో లేష్ ఊ?" అంటారు. "ఎవరి తాలూకు నువ్వు?" అని.

అంత చిన్న చోటి నుంచి అంత పెద్దవాళ్లు ఎలా అయ్యారు?

పక్కవాళ్లు పడిపోతున్నప్పుడు రాజు వైపు నిలబడి. 1476లో దీవుల ప్రభువు జాన్ మెక్‌డొనాల్డ్ చేతిలోంచి రాస్ ఎర్ల్ పదవిని రాజు లాక్కున్నాడు. ఆ ఖాళీలోకి మెకంజీలు మెల్లగా జరిగారు. కత్తితో ఎంత సంపాదించారో, అప్పు పత్రాలతో, కోర్టు కాగితాలతో అంత సంపాదించారు. లూయిస్ దీవి కథ చూడండి. ఆ దీవి మెక్లౌడ్‌లది. వాళ్లలో వాళ్లు కొట్టుకుంటుంటే, రాజు తూర్పు స్కాట్లండ్‌లోని ఫైఫ్ నుంచి కొందరు పెట్టుబడిదారులను అక్కడ స్థిరపడమని పంపాడు. స్థానికులు వాళ్లను నిలవనివ్వలేదు. విసిగిపోయిన ఆ పెట్టుబడిదారుల దగ్గర 1610లో హక్కులు కొని, మెకంజీలు దీవిని సొంతం చేసుకున్నారు. 1609లో లార్డ్ బిరుదు వచ్చింది, 1623లో సీఫోర్త్ ఎర్ల్ బిరుదు. సీఫోర్త్ అనేది లూయిస్ దీవిలోని ఒక సముద్రపు పాయ పేరే.

ఆ వైభవం ఎప్పుడు పోయింది?

అప్పటికే గద్దె దిగిపోయిన స్టూవర్ట్ రాజవంశం కోసం 1715లో తిరుగుబాటులో దిగారు. ఓడిపోయారు. మరుసటి ఏడు బిరుదూ భూములూ జప్తు. 1719లో స్పెయిన్ సాయంతో ఇంకోసారి ప్రయత్నించారు. ఐలన్ డోనన్‌లో కొద్దిమంది స్పెయిన్ సైనికులు, వాళ్ల మందుగుండు ఉన్నాయి. బ్రిటిష్ యుద్ధనౌకలు వచ్చి ఫిరంగులతో కొట్టి, లోపల దొరికిన మందుతోనే కోటను పేల్చేశాయి. భూములు తర్వాత తిరిగి కొనుక్కున్నారు గానీ అప్పులు మాత్రం వదల్లేదు. లూయిస్ దీవిని 1844లో జేమ్స్ మాథెసన్ అనే వ్యాపారి కొన్నాడు. ఆయన చైనాతో నల్లమందు వ్యాపారంలో గడించినవాడు. వంశావళిలో మెకంజీల పక్కనే కనిపించే ఆ మాథెసన్ ఇంటిపేరే ఇది.

బ్రాహన్ జోస్యం నిజంగా జరిగిందా? దానికి మద్రాసుతో సంబంధం ఉందంటారు?

బ్రాహన్ అనేది సీఫోర్త్ ఎర్ల్‌ల కోట. అక్కడ కొన్యఖ్ ఓవర్ అనే జోస్యుడు ఉండేవాడని హైలాండ్స్‌లో ఇంటింటా చెప్పుకుంటారు. అక్కడి బ్రహ్మంగారు అనుకోండి. ఏ వింత జరిగినా "ఆయన ముందే చెప్పాడు" అంటారు. కథ ప్రకారం, ప్యారిస్‌లో ఉన్న భర్త ఏం చేస్తున్నాడో చెప్పమని సీఫోర్త్ ఎర్ల్ భార్య ఇసబెల్లా పట్టుబట్టింది. అతను ఇంకొక స్త్రీతో ఉన్నాడని జోస్యుడు ఉన్నమాట చెప్పేశాడు. ఆవిడ కోపంతో అతన్ని తారు పీపాలో వేసి కాల్పించింది. చచ్చేముందు అతను శపించాడు: ఈ వంశంలో చివరి పెద్ద చెవిటివాడూ మూగవాడూ అవుతాడు, నలుగురు కొడుకులూ అతని కళ్లముందే పోతారు, తూర్పు నుంచి తెల్ల ముసుగు వేసుకుని వచ్చే కూతురు ఆస్తికి వారసురాలవుతుంది.

ఆ చివరి పెద్ద ఫ్రాన్సిస్ హంబర్‌స్టన్ మెకంజీ. చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవుడు పట్టింది. కొడుకులు నలుగురూ ఆయన కంటే ముందే పోయారు. ఆయన 1815 జనవరిలో చనిపోయాడు. పెద్ద కూతురు మేరీ అప్పుడు మన దేశంలో ఉంది. ఆమె భర్త అడ్మిరల్ సర్ శామ్యూల్ హుడ్ ఇక్కడి సముద్రాల్లో బ్రిటిష్ నౌకాదళానికి అధిపతి. ఆయన 1814 డిసెంబరు 24న మద్రాసులో చనిపోయాడు. మామ పోవడానికి మూడు వారాలు కూడా ముందు కాదు. విధవగా తిరిగి వెళ్లి ఆస్తికి వారసురాలైంది మేరీ. ఇంటిపేరేమో హుడ్, అంటే ఇంగ్లీషులో ముసుగు. కథ ఇంత చక్కగా కుదిరాక నమ్మేవాళ్లను ఆపగలమా?

కాకపోతే కొన్ని మాటలు చెప్పాలి. ఆ పేరు గల ఒక మనిషిని మంత్రగాడని పట్టుకోమని 1577లో రాస్ ప్రాంతంలో ఉత్తర్వు వెళ్లింది. అది ఇసబెల్లా కాలానికి దాదాపు వందేళ్లు ముందు. ఆమె ఎవరినో కాల్పించినట్టు రికార్డు లేదు. జోస్యాలన్నీ కలిపి పుస్తకంగా వచ్చింది 1877లో, అన్నీ జరిగిపోయాక. కూర్చినవాడు కూడా ఒక మెకంజీయే!

ఊళ్లు వదిలి ఎందుకు వెళ్లారు?

మొదట కౌళ్లు పెరిగాయి. స్టూవర్ట్‌ల కోసమే జరిగిన 1745 తిరుగుబాటు అణచివేత తర్వాత క్లాన్ పెద్దకు సైన్యంతో పని లేకుండా పోయింది. మనుషుల లెక్క కంటే రాబడి లెక్క ముఖ్యమైంది. తర్వాత గొర్రెలు వచ్చాయి. ఒక లోయలో వంద కుటుంబాలు కట్టే కౌలు కంటే, దక్షిణం నుంచి వచ్చిన ఒక గొర్రెల ఆసామి ఎక్కువ ఇస్తానన్నాడు. దాంతో జనాన్ని ఖాళీ చేయించారు. ఆపైన 1846 నుంచి బంగాళాదుంప తెగులుతో కరువు.

ఈ వలసల్లో బాగా గుర్తుండిపోయింది 1773లో హెక్టర్ అనే ఓడ. మెకంజీల సీమలోనే ఉన్న లాఖ్ బ్రూమ్‌లో జనాన్ని ఎక్కించుకుని జులైలో బయలుదేరింది. దాదాపు 190 మంది. పాత ఓడ, చెక్కలు కుళ్లిపోయి ఉన్నాయి. దారిలో మశూచి, విరేచనాలు పట్టుకుని పిల్లలు చాలామంది పోయారు. గాలివానకు ఓడ వెనక్కి కొట్టుకుపోయి ప్రయాణం రెండు నెలలు దాటింది, తిండి చాల్లేదు. సెప్టెంబరు 15న నోవా స్కోషియాలోని పిక్టోలో దిగితే, చదును చేసి ఉంచామన్న పొలాల స్థానంలో నీళ్ల అంచు దాకా అడవి ఉంది. చలికాలం నెత్తి మీదికి వస్తోంది. అయినా అక్కడే పాతుకున్నారు. తర్వాత వచ్చిన వేలమందికి వీళ్లే దారి అయ్యారు. నోవా స్కోషియాలో ఈనాటికీ మెకంజీలు అంతమంది కనిపించడానికి ఇదొక కారణం.

లూయిస్‌లో 1850లలో మాథెసన్ తన ఖర్చుతో రెండు వేల మందికి పైగా కెనడాకు పంపాడు. ఖర్చు తనదే, కానీ కౌలు బాకీ ఉన్నవాళ్లకు వెళ్లనని చెప్పే వీలు ఎంత ఉంటుంది? చివరి పెద్ద కెరటం 1923 ఏప్రిల్‌లో. లూయిస్ దీవి రేవు పట్నం స్టోర్నవే నుంచి మెటగామా అనే ఓడ ఒక్క రోజున సుమారు 300 మంది కుర్రవాళ్లనూ అమ్మాయిలనూ కెనడాకు తీసుకుపోయింది. అప్పటికే ఆ దీవి మొదటి ప్రపంచ యుద్ధంలో లెక్కకు మించి యువకులను పోగొట్టుకుంది. యుద్ధం ముగిసి ఇళ్లకు తిరిగొస్తున్నవాళ్ల ఓడ 1919 జనవరి 1న రేవు ముందే రాళ్లకు కొట్టుకుని సుమారు 200 మంది మునిగిపోయారు.

సైన్యంలో ఇండియాకు వచ్చిన మెకంజీలు ఎవరు?

1778లో సీఫోర్త్ ఎర్ల్ కెన్నెత్ మెకంజీ తన భూముల్లోంచి ఒక పటాలం లేపాడు. ఎడిన్‌బరో చేరగానే, తమను ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారని పుకారు పుట్టింది. జీతం బాకీలు కూడా ఉన్నాయి. వందల మంది ఓడ ఎక్కం పొమ్మని ఆర్థర్స్ సీట్ అనే కొండెక్కి కూర్చున్నారు. వాళ్లలో మెక్రేలు ఎక్కువ కాబట్టి దీన్ని "మెక్రేల తిరుగుబాటు" అంటారు. ఊళ్లోవాళ్లు తిండి పంపించారు. కొన్నాళ్లకు రాజీ కుదిరింది, బాకీలు ఇచ్చారు, ఇండియా కాదని చెప్పి ఇంగ్లీషు ఛానల్ దీవులకు పంపారు.

మూడేళ్లు తిరక్కుండానే, 1781లో, ఇండియాకే పంపారు. దారిలోనే ఎర్ల్ చనిపోయాడు. తాజా కూరలు, పండ్లు లేక స్కర్వీ వచ్చి 200 మందికి పైగా సముద్రంలోనే పోయారు. 1782 ఏప్రిల్‌లో మద్రాసులో దిగినవాళ్లలో తుపాకి ఎత్తగలిగిన వాళ్లు సగం కూడా లేరు. ఆ స్థితిలో హైదర్ అలీతో యుద్ధానికి నడిపించారు. ఎర్ల్ తర్వాత క్లాన్ పెద్ద అయిన కోలొనెల్ హంబర్‌స్టన్ కూడా 1783లో పడమటి తీరాన మరాఠా నౌకలతో పోరులో గాయపడి చనిపోయాడు. వరసగా ఇద్దరు పెద్దలను ఇండియా దారి మింగేసింది. ఆ తర్వాత పెద్ద అయినవాడే పైన చెప్పిన చెవిటి ఫ్రాన్సిస్. ఆయన 1793లో ఇంకో పటాలం లేపాడు. అది 1803లో మరాఠాలతో జరిగిన అస్సాయి యుద్ధంలో ఉంది.

మరి మన కైఫీయత్తుల మెకంజీ?

కోలిన్ మెకంజీ. 1754 ప్రాంతంలో లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టాడు. తండ్రి అక్కడి వ్యాపారి. కుర్రతనంలో అదే ఊళ్లో కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. అప్పటికే సీఫోర్త్‌ల అండ ఉంది. నేపియర్ ప్రభువు ఒకాయన, లాగరిథమ్‌లు కనిపెట్టిన తన పూర్వీకుడు జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయబోతూ, హిందువుల గణితం గురించి సమాచారం కావాలని కోలిన్‌ను వాడుకున్నాడు. అలా ఇండియా మీద మనసు పడింది. 1783లో మద్రాసు వచ్చాడు. మళ్లీ స్టోర్నవే ముఖం చూడలేదు. 1821 మే 8న కలకత్తా దగ్గర చనిపోయేదాకా ఎక్కువ కాలం ఇక్కడే.

వృత్తికి ఇంజనీరు, సర్వేయరు. నైజాం రాజ్యంలో, దత్త మండలాల్లో, మైసూరులో తిరిగాడు. 1815లో మొత్తం ఇండియాకు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. గొలుసు పట్టి నేల కొలుస్తూనే, ఊళ్లో శాసనం ఉందా, గుడి ఎవరు కట్టారు, కరణం దగ్గర పాత కవిలెలు ఉన్నాయా అని అడిగించాడు. ఆయనకు ఇక్కడి భాషలు పెద్దగా రావు. అసలు పని చేసింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. ఆ తర్వాత లక్ష్మయ్య ఆ బరువంతా మోశాడు. వాళ్లూ, వాళ్లు ఊళ్లకు పంపిన మనుషులూ లేకపోతే మెకంజీ సేకరణ అనేది లేదు. పేరు మాత్రం ఆయనదే నిలిచింది, ఇది గుర్తుపెట్టుకోవాలి.

అమరావతి స్తూపం రాళ్ల సంగతి బయటి ప్రపంచానికి చెప్పిన తొలి యూరోపియన్ కూడా ఈయనే. 1797లో మొదటిసారి చూశాడు. దాదాపు ఇరవై ఏళ్లకు మనుషులను పెట్టి శిల్పాల బొమ్మలు వేయించాడు. ఈ మధ్యలో ఎన్నో రాళ్లు జనం ఎత్తుకుపోగా, కొన్నిటికి ఇప్పుడు ఆ బొమ్మలే ఆధారం. కైఫీయత్తుల్లో చాలా భాగం చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలోని బ్రౌన్ గ్రంథాలయ పరిశోధన కేంద్రం కడప జిల్లావి సంపుటాలుగా అచ్చువేసింది. మీ ఊరిది ఉందేమో చూడండి.

2017లో ఆయన సేకరణలో కొంత భాగాన్ని పుట్టిన ఊరు స్టోర్నవేలో ప్రదర్శనకు పెట్టారు.

కెనడాలో మెకంజీ నది ఆయన పేరు మీదేనా?

కాదు, అదే స్టోర్నవేలో పుట్టిన ఇంకో మెకంజీ, పేరు అలెగ్జాండర్. చిన్నప్పుడే తండ్రితో న్యూయార్క్ వెళ్లి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రావడంతో మాంట్రియల్ చేరి, ఉన్నితోలు వ్యాపారంలో దిగాడు. 1789లో పసిఫిక్‌కు దారి దొరుకుతుందని ఒక పెద్ద నది పట్టుకుని వెళితే అది ఆర్కిటిక్ మంచు సముద్రానికి తీసుకెళ్లింది. ఆ నదికే తర్వాత ఆయన పేరు పెట్టారు. 1793లో మళ్లీ బయలుదేరి కొండలు దాటి పసిఫిక్ చేరాడు. అక్కడ ఒక బండ మీద ఎర్ర సింధూరాన్ని కొవ్వులో కలిపి తన పేరు, కెనడా నుంచి నేల మీదుగా వచ్చానని, 1793 జులై 22 అనే తేదీ రాశాడు. ఆ రాతను తర్వాత బండలో చెక్కించారు. దారి చూపించినవాళ్లు, పడవ మోసినవాళ్లు స్థానిక తెగల మనుషులు. ఇక్కడ కావలి సోదరుల కథే అక్కడా.

ఆ దేశ రెండో ప్రధాని పేరు కూడా అలెగ్జాండర్ మెకంజీయే, ఆయన వేరు, రాళ్లు చెక్కే పనివాడిగా జీవితం మొదలుపెట్టినవాడు. టొరంటో మొదటి మేయర్ విలియం లయన్ మెకంజీ, 1837లో ప్రభుత్వం మీద తిరుగుబాటు లేవదీసిన మనిషి. ఆయన మనవడు మెకంజీ కింగ్ చాలా ఏళ్లు ప్రధానిగా ఉన్నాడు.

కరీబియన్‌లో నల్లజాతి మెకంజీలు ఉన్నారు. ఎలా?

బానిసత్వం వల్ల. పేరు గొప్పలు చెప్పుకునేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు. జమైకా, గయానా ప్రాంతాల్లో చెరకు, పత్తి తోటలు నడిపినవాళ్లలో హైలాండర్లు చాలామంది. తోట యజమాని పేరో, పెత్తందారు పేరో బానిసలకు వచ్చింది. కొందరికి వాళ్లే తండ్రులు కూడా. చెవిటి ఫ్రాన్సిస్ 1801 నుంచి 1806 దాకా బార్బడోస్ గవర్నరు. బానిసను చంపడాన్ని హత్యా నేరంగా చూడాలని అక్కడి తోటల ఆసాములతో పోట్లాడాడు. అదే మనిషికి బెర్బీస్‌లో, అంటే నేటి గయానాలో, బానిసలు పనిచేసే సొంత తోటలు ఉన్నాయి. హైలాండ్స్‌లోని అప్పులు తీర్చడానికి ఆ రాబడి మీద ఆశ పెట్టుకున్నాడు. రెండూ నిజాలే.

న్యూజిలాండ్‌లో మెకంజీ కంట్రీ?

గొర్రెల దొంగ పేరు. 1855లో జేమ్స్ మెకంజీ అనే హైలాండర్, ఫ్రైడే అనే కుక్క సాయంతో వెయ్యి గొర్రెలను కొండల అవతలికి తోలుకుపోతూ పట్టుబడ్డాడు. అవతల ఉన్న పెద్ద గడ్డి మైదానం వలసదారులకు అప్పుడే తెలిసింది. విచారణలో లోపాలున్నాయని మరుసటి ఏడు క్షమాభిక్ష ఇచ్చారు. గొర్రెల కోసం ఊళ్లు ఖాళీ చేయించిన సీమ మనిషి గొర్రెలు తోలుకుపోయి చరిత్రకెక్కడం నాకు భలే అనిపిస్తుంది.

మెకంజీ గళ్ల బట్ట, చిహ్నం ఎవరైనా వాడొచ్చా?

బట్ట ఎవరైనా కట్టుకోవచ్చు. ముదురు ఆకుపచ్చ, నీలం మీద తెల్ల, ఎర్ర గీతలు. అది 1778 పటాలం యూనిఫాం నుంచి వచ్చింది, అనాది వంశపు నేత కాదు. చిహ్నం సంగతి వేరు. స్కాట్లండ్ చట్టంలో కవచ చిహ్నం ఒక మనిషికి చెందుతుంది, ఇంటిపేరుకు కాదు. చిహ్నాల వ్యవహారం చూసే లార్డ్ లయన్ కోర్టు దీన్ని గట్టిగానే చూస్తుంది. "మీ ఇంటిపేరు కవచం" అని ఫ్రేము కట్టి అమ్మితే కొనకండి. క్లాన్ పెద్ద చిహ్నాన్ని బెల్టు గుండ్రంలో పెట్టిన బ్యాడ్జి మాత్రం క్లాన్ వాళ్లు పెట్టుకోవచ్చు. దాని మీద "మెరుస్తాను, కాల్చను" అనే లాటిన్ నినాదం ఉంటుంది. ఇప్పటి పెద్ద క్రోమార్టీ ఎర్ల్, నివాసం స్ట్రాత్‌పెఫర్ దగ్గర కాసిల్ లియోడ్.

మా ముత్తవ్వ మద్రాసు మెకంజీల అమ్మాయి. ఎక్కడ వెతకాలి?

ముందు స్కాట్లండ్ వైపు చూడకండి, ఇండియా వైపు మొదలుపెట్టండి. మద్రాసు ప్రెసిడెన్సీలోని చర్చిల్లో జరిగిన నామకరణాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు ఏటా లండన్‌కు వెళ్లేవి. అవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. అక్కడ తండ్రి పటాలం, ఉద్యోగం తెలిస్తే సగం పని అయినట్టే. పటాలం జాబితాల్లో పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊళ్లు) పేరు దొరికే అవకాశం ఉంది. పారిష్ పేరు లేకుండా మెకంజీని వెతకడం తిరునాళ్లలో శీను అని కేక వేయడమే.

పారిష్ తెలిశాక, స్కాట్లండ్ జాతీయ రికార్డుల సంస్థ నడిపే స్కాట్లండ్స్ పీపుల్ వెబ్‌సైట్‌కు వెళ్లండి. 1855 నుంచి జనన, వివాహ, మరణాల ప్రభుత్వ రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో తల్లి పుట్టింటి పేరు కూడా రాస్తారు, అదే పెద్ద వరం. అంతకు ముందువైతే చర్చి రిజిస్టర్లే గతి. హైలాండ్స్‌లో చాలా పారిష్‌లకు అవి 18వ శతాబ్దం రెండో సగం దాకా మొదలే కాలేదు. పేర్లు కొంచెం సాయం చేస్తాయి: పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ ఉండేది. కెన్నెత్, కోలిన్, మర్డో, రోడరిక్, అలెగ్జాండర్ అనే అయిదారు పేర్లే తిరిగి తిరిగి వస్తుంటాయి కాబట్టి, ఒకే పేరు కనిపించగానే మా ముత్తాతే అని తేల్చుకోకుండా తల్లి పేరుతో, పారిష్‌తో పోల్చి చూసుకోండి.